తూము లేని మండువా

మొన్న వేసవి సెలవుల్లో నేనూ, నా రూమ్మేటూ కలిసి మా బాబాయి కారు బానెట్‌కి కన్నం పెట్టాం. సరదాకి కాదు, ఇంజన్ చల్లబడాలని. ఇద్దరం మెకానికల్ థర్డ్ ఇయర్. ఫ్లూయిడ్ మెకానిక్స్ పాసయ్యాం, హీట్ ట్రాన్స్‌ఫర్ కూడా పాసయ్యాం. ఈ రెండూ పాసైనవాళ్లకి ఒక పాత కారుని చల్లబరచడం రాదా అనుకున్నాం. రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మన ఆటో క్లబ్ గ్రూపులో "బానెట్ స్కూప్ పెట్టిద్దాం" అన్న మాట ఈ మధ్య మళ్లీ మొదలైంది. కటింగ్ మిషన్ చేతికి తీసుకునే ముందే ఇది మీ కంటపడితే మంచిది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గాలి వచ్చే దారి గీసే ముందు నీళ్లు పోయే దారి గీయండి. అది గీయలేకపోతే బానెట్ జోలికి పోకండి.

కోసిన కథ

మా బాబాయిది తెనాలి. పసుపు బోర్డు ఉన్న పాత పెట్రోల్ కారు ఒకటి ఉంది, దాని మీదే ఇల్లు గడుస్తుంది. పెళ్లిళ్లకీ, స్టేషన్‌కీ తిప్పుతాడు. వాటికన్నా ముఖ్యమైన కిరాయి ఇంకొకటుంది. వాళ్ల వీధిలో ఒక పెద్దాయనకి వారానికి మూడు రోజులు డయాలసిస్. గుంటూరు తీసుకెళ్లి, ఆయన పని అయ్యేదాకా ఉండి, మళ్లీ ఇంటికి చేర్చాలి. ఏ సీజన్ అయినా ఆగని కిరాయి అది.

రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అదే ఎండలో గుంటూరు శంకర్‌విలాస్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచేది. అప్పుడు బాబాయి ఏం చేసేవాడో తెలుసా? అద్దాలన్నీ దించి హీటర్ ఆన్ చేసేవాడు. మే నెలలో హీటర్! ఇంజన్ వేడిలో కొంత హీటర్ గుండా కారులోకి వచ్చేస్తుంది కాబట్టి ముల్లు కాస్త దిగేది. పాత డ్రైవర్లందరికీ తెలిసిన చిట్కానే. కానీ వెనక సీట్లో పెద్దాయన తడి తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు నేను ముందు సీట్లో ఉన్నాను. ఆ వేడి నాకే భరించరాకుండా ఉంది.

ఆ రాత్రే రూమ్మేటుకి ఫోన్ చేశాను. వాడు రెండో రోజుకి తెనాలి దిగాడు. విజయవాడ ఆటోనగర్ వెళ్లి ఫైబర్ స్కూప్ ఒకటి కొన్నాం. టింకరింగ్ షెడ్డులో బానెట్ మధ్యలో 30 సెంటీమీటర్ల వెడల్పున కోయించి, స్కూప్‌ని రివెట్లు కొట్టి, చుట్టూ సీలెంట్ పూసి బిగించాం. స్కూప్ నోరు ఎత్తు 8 సెంటీమీటర్లు. రంగు కూడా కలిపించాం. చూడ్డానికి బాగానే ఉంది. పిన్ని అయితే "కారుకి ముక్కు మొలిచింది" అంది.

ఫలితం చూద్దాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు ఇంతకుముందు కన్నా కొంచెం ఆలస్యంగా లేచింది. మాకు ఒకటే ఆనందం. తెనాలి రోడ్డు మీద 70లో వెళ్తున్నప్పుడు మాత్రం ముల్లు మునుపటికన్నా ఒక గీత పైనే నిలబడింది. అది ఇద్దరం చూశాం. ఎండ ఎక్కువగా ఉందిలే అనుకున్నాం. చూసిన సంగతిని చూడనట్టు వదిలేయడం ఇంజనీరింగ్‌లో ఎంత పెద్ద తప్పో అప్పుడు తెలీలేదు.

జూన్ మొదటి వాన పడింది. డయాలసిస్ అయ్యాక పెద్దాయన్ని ఎక్కించుకుని బాబాయి సాయంత్రం గుంటూరు నుంచి బయల్దేరాడు. నారాకోడూరు దాటాక బండి కుదుపులు మొదలెట్టింది, ఇంకో కిలోమీటరు లాగి ఆగిపోయింది. స్కూప్ నోటి వెనక, సరిగ్గా కింద, డిస్ట్రిబ్యూటర్ ఉంది. దాని మూత మీదా, ప్లగ్ వైర్ల మీదా నీళ్లు కారి స్పార్క్ పోయింది. తుడిచి ఆరబెడదామంటే పైన వాన ఆగదు, బానెట్ ఎత్తితే ఇంకా తడుస్తుంది. డయాలసిస్ చేయించుకుని నీరసంగా ఉన్న మనిషి ముప్పావు గంట చీకట్లో కూర్చుని, చివరికి తడుస్తూ ఆటో ఎక్కి ఇంటికి చేరాడు.

ఆయనకి ఏమీ కాలేదు. కాకపోవడం మా గొప్ప కాదు. తర్వాతి వారం వాళ్లబ్బాయి వేరే కారు మాట్లాడుకున్నాడు. తప్పు పట్టలేం, నేనైనా అదే చేస్తాను.

బాబాయి మమ్మల్ని తిట్టలేదు. అదే ఇబ్బందిగా ఉండింది. రెండు రోజుల తర్వాత భోజనం దగ్గర ఒక్క మాటన్నాడు. "ఒరే, మీ తాతయ్య వాళ్ల మండువా ఇంట్లో మధ్యలో అంత ఆకాశం వదిలేశారు. ఎన్ని వానలు పడ్డా వసారాలోకి చుక్క రాలేదు. ముందు తూము పెట్టారు, తర్వాత కప్పు తెరిచారు. మీరు కప్పు తెరిచారు సరే, తూమేదిరా?"

అసలు జబ్బు వేరే

రేడియేటర్ సర్వీసు షాపులో ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడు. ఆయన బానెట్ మీద కన్నం చూసి నవ్వలేదు, ఏమీ అనలేదు. మొదట రేడియేటర్ మూత తీసి రబ్బరు వేలితో నొక్కి చూశాడు. అది గట్టిపడి పగిలిపోయింది. తర్వాత రేడియేటర్ ముందు టార్చి వేశాడు. రెక్కల మధ్య దుమ్ము, పురుగులు, గడ్డి. లోపల బోరు నీళ్ల చవుడు పేరుకుని ఉంది. చివరిగా ఫ్యాన్ స్విచ్. తిరగాల్సిన వేడి కన్నా చాలా ఆలస్యంగా ఫ్యాన్‌ని తిప్పుతోంది.

మూత సంగతి మనకి క్లాసులో చెప్పారు, మనమే కారుకి తగిలించుకోలేదు. మూత సరిగ్గా బిగిసి లోపల 0.9 బార్ అదనపు ఒత్తిడి నిలిస్తే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక, సుమారు 118 దగ్గర మరుగుతాయి. కూలెంట్ కలిస్తే ఇంకొంచెం పైన. మూత రబ్బరు పోయిందంటే ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. దాన్ని ఎంత పెద్ద స్కూప్ అయినా తిరిగి తేలేదు.

రేడియేటర్ కడిగించి, మూతా, స్విచ్చూ మార్చి, కూలెంట్ పోయిస్తే ముల్లు మధ్యలో నిలబడింది. ఖర్చు మా స్కూప్‌కి అయినదాంట్లో సగం కూడా కాలేదు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఇంటి పైకప్పు పీకినట్టయింది మా పని.

స్కూప్ పెడితే ఎందుకు వేడెక్కింది?

ఇది మీలో చాలామంది నమ్మరు, నేనూ మొదట నమ్మలేదు. ముందుకి నోరు తెరిచిన స్కూప్‌ని నేరుగా ఇంజన్ గదిలోకి వదిలితే రేడియేటర్ పని దెబ్బతినే అవకాశం ఉంది.

రేడియేటర్ గుండా గాలి ఎందుకు పోతుంది? ముందు ఒత్తిడి ఎక్కువ, వెనక తక్కువ ఉండటం వల్ల. ఇంట్లో వీధి గుమ్మం ఎంత బార్లా తీసినా, పెరటి తలుపు మూసి ఉంటే గాలి ఆడదు కదా. ఇంజన్ గదికి పెరటి తలుపు అంటే కింద నేలవైపు ఉన్న ఖాళీ. ఆ గదిలోకి పైనుంచి ఇంకో గాలి తోశామనుకోండి, రేడియేటర్ వెనక ఒత్తిడి పెరుగుతుంది. ముందుకీ వెనక్కీ తేడా తగ్గుతుంది. రేడియేటర్ గుండా పోయే గాలి తగ్గుతుంది. మేం రోడ్డు మీద చూసిన ఆ ఒక గీత ఇదే.

మరి సిగ్నల్ దగ్గర మేలు ఎందుకు జరిగింది? ఆగి ఉన్నప్పుడు వేడి గాలి పైకి లేచి మా కన్నంలోంచి బయటికి పోయింది. అంటే గాలి లోపలికి రావడానికి పెట్టిన నోరు, గాలి బయటికి పోయినప్పుడు మాత్రమే పని చేసింది. ఇంతకన్నా పెద్ద జవాబు అక్కర్లేదు. ఇంజన్ గదికి కావాల్సింది ఇంకో వీధి గుమ్మం కాదు, పెరటి తలుపు.

ఆ తలుపు ఎక్కడ పెట్టాలి? బానెట్ ముందు అంచు దాటగానే గాలి పైకి వంగి పారుతుంది, అక్కడ పీడనం తక్కువ. రేడియేటర్ వెనక పక్కగా ఉండే ఆ చోట వెనక్కి తిరిగిన రెక్కలు పెడితే వేడి గాలిని బయటికి లాగుతుంది. ముందు అద్దం మొదట్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలి అద్దానికి కొట్టుకుని అక్కడ పీడనం పెరుగుతుంది. అందుకే "కీళ్ల కింద వాషర్లు పెట్టి బానెట్ వెనక అంచు ఎత్తితే ఇంజన్ చల్లబడుతుంది" అన్న చిట్కా ఆగి ఉన్న కారుకి పనికొచ్చినా, వేగంగా వెళ్లే కారుకి ఎదురు తిరగొచ్చు.

ఇక అంకెలు. గాలి వేగం వల్ల వచ్చే పీడనం అంటే సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించడమే. మన వేసవి గాలికి లెక్క వేస్తే, గంటకు 10 కిలోమీటర్ల వేగంలో అది 4 పాస్కళ్లు దాటి కొంచెం. 72 దగ్గర సుమారు 230. 108 దగ్గర సుమారు 515. వాతావరణ పీడనం లక్ష పాస్కళ్ల పైచిలుకు. అంటే హైవే మీద 108లో కూడా స్కూప్ వల్ల దొరికే తోపుడు అర శాతమే. ట్రాఫిక్‌లో అయితే లేనట్టే. కారు వేడెక్కేదేమో ట్రాఫిక్‌లో. స్కూప్ బలం చూపేదేమో హైవే మీద. మందు ఒక ఊళ్లో, రోగి ఒక ఊళ్లో.

ఇంజన్ పీల్చే గాలికి బయటి చల్లగాలి అందిస్తే మాత్రం కొంత లాభం నిజమే. 60 డిగ్రీల గాలి బదులు 50 డిగ్రీల గాలి పీలిస్తే సాంద్రత సుమారు 3 శాతం పెరుగుతుంది. కానీ అది శక్తికి సంబంధించిన లాభం, కూలింగ్‌కి కాదు. ఆ లాభం కావాలన్నా స్కూప్‌ని ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి గాలి చొరకుండా కలపాలి. అలా కలిపామా, వాన సంగతి ఇంకా గట్టిగా ఆలోచించాలి.

వాన లెక్క

మేం వేయనిది ఇదే. కారు ఆగిపోయాక వేశాం.

గంటకు 50 మిల్లీమీటర్ల వాన అనుకుందాం, మన ఋతుపవనాల్లో అరుదేం కాదు. చినుకులు సెకనుకి 7 మీటర్ల వేగంతో పడుతున్నాయనుకుంటే, ఒక ఘనమీటరు గాలిలో ఏ క్షణంలోనైనా సుమారు 2 గ్రాముల నీళ్లుంటాయి. మా స్కూప్ నోరు 30 సెంటీమీటర్లు ఇంటూ 8. కారు 72లో, అంటే సెకనుకి 20 మీటర్లు వెళ్తుంటే, ఆ నోటికి ఎదురయ్యే గాలి సెకనుకి దాదాపు అర ఘనమీటరు. నీళ్లు సెకనుకి ఒక గ్రాము. గంటకు మూడు లీటర్ల పైనే. ఎదురైన గాలంతా లోపలికి పోదు కాబట్టి నిజంగా వచ్చేది దీనికన్నా తక్కువే ఉంటుంది. ఇరవై నిమిషాల ప్రయాణానికి గరిష్ఠంగా లీటరు అనుకోండి. సగమే వచ్చిందన్నా అర లీటరు నీళ్లు డిస్ట్రిబ్యూటర్ నెత్తిన పోసినట్టు.

పోనీ నోరు తీసేసి పైకి తెరుచుకున్న జాలీ పెడదాం, 30 ఇంటూ 20. కారు ఇంటి ముందు ఆగి ఉన్నా అదే వానకి గంటలో 3 లీటర్లు నేరుగా పడతాయి. ఏ దారిన వెళ్లినా మూడు లీటర్ల దగ్గరికే వచ్చాం. ఇంకా బానెట్ మీద పడి జారుతూ వచ్చే నీళ్లు ఇందులో కలపలేదు.

ఆ నీళ్లు ఎక్కడ పడతాయన్నదే అసలు ప్రశ్న. ఆల్టర్నేటర్ మీద పడితే ఇవాళ కాకపోతే రేపు దాని బేరింగులు పోతాయి. బెల్టు మీద పడితే జారి కీచుమంటుంది. ఫ్యూజ్ డబ్బా, వైర్ల కనెక్టర్లు, స్పార్క్ ప్లగ్ గుంటలు, ఒక్కోటి ఒక్కో తలనొప్పి. ఎయిర్ ఫిల్టర్ కాగితం తడిస్తే గాలి ఆడదు. నీళ్లు ఫిల్టర్ దాటి సిలిండర్‌లోకే పోయాయంటే ఇక చెప్పక్కర్లేదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తర్వాత విజయవాడలో బంధువులున్న ప్రతివాడికీ, నీళ్లలో మునిగిన బండికి తాళం తిప్పకూడదన్న సంగతి తెలిసింది. అక్కడ వరద మనల్ని అడిగి రాలేదు. ఇక్కడ మనమే దారి తీసి పిలుస్తున్నాం.

కంపెనీలు ఎలా చేశాయి?

"మరి ఫార్చ్యూనర్‌కి ఉంది కదా" అంటారు. ఉంది. మన రోడ్ల మీద తిరిగే పాత 3 లీటర్ల డీజిల్ ఫార్చ్యూనర్ స్కూప్ కింద ఇంజన్ మీద పడుకోబెట్టిన ఇంటర్‌కూలర్ ఉంటుంది. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్‌దీ ఇదే పద్ధతి. స్కూప్ నుంచి వచ్చే గాలి ఇంజన్‌లోకి పోదు, ఇంటర్‌కూలర్ రెక్కల మధ్యగా బయటి నుంచి పారుతుంది. టర్బో నుంచి వచ్చే వేడి గాలి దాని లోపల మూసిన గొట్టాల్లో పోతుంది. వాన పడితే తడిసేది రెక్కలే, తడిస్తే ఇంకా చల్లబడతాయి. కింద కనెక్టర్లు నీళ్లు తగులుతాయని తెలిసే, సీళ్లు వేసి పెట్టినవి. మనం బయట కనిపించే ముక్కు చూసి అదే పెట్టుకుంటాం, కింద ఉన్న ఏర్పాటు చూడం.

అమెరికా వాళ్ల పాత కార్లు ఇంకా బాగా చెబుతాయి. 1965 పాంటియాక్ జీటీవో బానెట్ మీద స్కూప్ ఉత్త అలంకారమే, మూసి ఉండేది. గాలి కావాలన్నవాళ్లకి డీలర్ల దగ్గర వేరే కిట్టు అమ్మారు. 1969 నాటికి ర్యామ్ ఎయిర్ జీటీవోలో డ్రైవరు లోపలి నుంచి నాబ్ లాగితే స్కూప్ తలుపులు తెరుచుకునే, మూసుకునే ఏర్పాటు వచ్చింది. వాన వస్తే మూసుకోవచ్చు. 1970 షెవెల్ ఎస్ఎస్‌లో స్కూప్ నోరు ముందుకి కాదు, వెనక్కి, అద్దం వైపు తిప్పారు. అద్దం మొదట్లో పీడనం ఎక్కువని పైన చెప్పాను కదా, ఆ గాలినే వాడుకున్నారు. దానికీ తలుపు ఉంది. యాక్సిలరేటర్ బాగా తొక్కితేనే తెరుచుకుంటుంది, మామూలుగా నడుస్తున్నప్పుడు మూసే ఉంటుంది.

గమనించారా? ప్రతిచోటా తెరవడం ఎంత ఆలోచించారో మూయడం కూడా అంతే ఆలోచించారు.

అయినా కోస్తామంటే

నేను వద్దన్నంత మాత్రాన ఎవరూ ఆగరని తెలుసు. కాబట్టి మా తప్పుల్లోంచి కొన్ని మాటలు.

మొదట మూత, రెక్కలు, ఫ్యాన్, థర్మోస్టాట్, కూలెంట్ చూడండి. అన్నీ బాగుండి కూడా వేడెక్కితే అప్పుడు గాలి గురించి మాట్లాడుకుందాం.

తర్వాత కొలవండి. బానెట్ నిండా ఉన్ని దారం ముక్కలు టేపుతో అంటించి, పక్కన ఇంకో బండి మీద వెళ్తూ వీడియో తీయండి. గాలి ఎటు పారుతోందో దారాలే చెబుతాయి. సన్నని ప్లాస్టిక్ గొట్టంలో రంగునీళ్లు పోసి యూ ఆకారంలో వంచితే మానోమీటరు తయారు. 230 పాస్కళ్లంటే నీటి మట్టంలో 23 మిల్లీమీటర్ల తేడా, స్కేలుతో కొలవొచ్చు. మన ల్యాబులో దీన్నే రికార్డులో రాసి సంతకం పెట్టించుకుని మర్చిపోయాం.

మీ బండి బానెట్ కోయకండి. ఆటోనగర్‌లో అదే మోడల్ పాత బానెట్ దొరుకుతుంది, దాన్ని కోయండి. మాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది, కోసింది పడేసి వెతికి ఇంకోటి కొన్నాం. బానెట్ అడుగున ఉన్న పక్కటెముకల్లాంటి ఫ్రేమ్‌ని అసలు తాకొద్దు. ప్రమాదంలో ఎక్కడ ముడుచుకోవాలో దానికి ముందే రాసిపెట్టి ఉంటుంది. మనిషి తల బానెట్‌కి తగిలితే కింద ఇంజన్‌కి తగలకుండా కొంత ఖాళీ ఉంచుతారు. గట్టి లోహపు స్కూప్, పదునైన అంచు పెడితే ఆ జాగ్రత్తంతా వృథా.

కన్నం అంచు చుట్టూ వేలి మందాన గట్టు కట్టండి, జారే నీళ్లు అక్కడే పక్కకి పోతాయి. కన్నం కింద వాలుగా ఒక పళ్లెం, దాని పల్లపు మూల నుంచి గొట్టం, ఆ గొట్టం చక్రం గూటిలోకి. ఫిల్టర్ డబ్బాకి కలిపితే గాలి దారిని ఒకసారి పైకి వంచండి. గాలి తిరుగుతుంది, బరువైన చినుకు తిరగలేక కింద పడుతుంది. పడ్డ చోట రంధ్రం, దానికి నీళ్లు వదిలి గాలిని వదలని రబ్బరు పెదవులు. ఆగి ఉన్నప్పుడు వేయడానికి ఒక మూత. కోసిన అంచుకి ప్రైమర్ పూయకపోతే మన కోస్తా గాలికి రెండో వర్షాకాలానికి తుప్పు గ్యారంటీ.

అంతా అయ్యాక కొత్త రోడ్డు మీదకి కాదు, మొదట కుళాయి కిందకి తీసుకెళ్లండి. ఇరవై నిమిషాలు పైప్‌తో నీళ్లు కొట్టి, లోపల ఎక్కడెక్కడ తడిసిందో చూడండి. పొడి ముగ్గు చల్లి ఉంచితే తడిసిన చోటు ఇట్టే తెలుస్తుంది. ఈ ఒక్క పని చేసి ఉంటే ఆ పెద్దాయన ఆ రోజు కారులోనే ఇంటికి వెళ్లేవాడు.

చట్టం కూడా ఉంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. కోసేది మనం, కట్టేది యజమాని. పాత పసుపు బోర్డు బండికైతే ఏటా ఫిట్‌నెస్ కూడా ఉంటుంది. అక్కడ "ఇది చిన్న మార్పే సార్" అని వాదించాల్సింది మనం కాదు, బాబాయి లాంటివాళ్లు. మేం మామూలు బానెట్ తిరిగి బిగించడానికి వాన ఒక కారణమైతే, ఇది రెండోది.

ఎదుటి మాట

ఈ వ్యాసం ముందుగా చదివిన సీనియర్ ఒకాయన రెండు అభ్యంతరాలు చెప్పాడు. ఒకటి, "కోసి చూడకపోతే నేర్చుకునేదెప్పుడు? అన్నీ లెక్కలేనా?" న్యాయమైన మాటే. పాత బానెట్ మీద, మన సొంత డబ్బుతో, మన గ్రౌండులో ఎన్ని కోతలైనా కోద్దాం, ఎన్నిసార్లైనా ఓడిపోదాం. కానీ వేరేవాళ్ల బతుకు నడిపే బండి మన ప్రయోగశాల కాదు. మేం ఓడిపోయినప్పుడు కిరాయి పోయింది మాకు కాదు.

రెండోది, "అందానికి పెట్టుకుంటే నీకేం నష్టం?" ఏమీ లేదు. నిజానికి టేపుతో అంటించే ఉత్తుత్తి స్కూప్ అంటే నాకు ఇప్పుడు గౌరవం పెరిగింది. దాన్ని చూసి మనం నవ్వుతాం గానీ, అది బానెట్‌ని కోయదు, వానని పిలవదు, ఎవర్నీ దారిలో దించదు. బొట్టులాంటిది, అందం కోసం అని చెప్పే పెట్టుకున్నారు. ప్రమాదమంతా మాలాంటి సగం ఇంజనీర్లు పెట్టే సగం నిజమైన స్కూప్‌తోనే.

నాకు అనిపించేది, ఈ జబ్బు బానెట్‌తో ఆగదు. మన ప్రాజెక్టులు చాలావరకు ఎండ రోజుకే డిజైన్ చేస్తాం. డెమో రోజున పని చేస్తే చాలు. తడిస్తే, దుమ్ము పడితే, వాడేవాడు అలసిపోయి ఉంటే ఏమవుతుందని అడిగేవాళ్లు లేరు. మన క్లబ్ రివ్యూలో ఇకనుంచి ఒక ప్రశ్న తప్పనిసరి చేద్దామని నా ప్రతిపాదన. ఏ బొమ్మ గీసుకొచ్చినా సరే, "నీళ్లు పడితే ఎటు పోతాయి?" జవాబు బొమ్మలో గీతగా కనిపిస్తేనే వర్క్‌షాప్ తాళం ఇవ్వాలి.

బాబాయి కారు ఇప్పుడు బాగానే తిరుగుతోంది. ఆ పెద్దాయన వాళ్లు దసరా తర్వాత మళ్లీ బాబాయినే పిలిచారు. మొన్న ఇంటికెళ్లినప్పుడు నేనూ వెంట వెళ్లాను. శంకర్‌విలాస్ దగ్గర ఎప్పటిలా ఆగాం, ముల్లు కదల్లేదు, హీటర్ వేయాల్సిన అవసరం రాలేదు. పెద్దాయన వెనకనుంచి "ఏం ఇంజనీరూ, కారుకి ముక్కు తీసేశారే?" అన్నాడు. "జలుబు చేసిందండీ" అన్నాను. ఆయన నవ్వాడు. బాబాయి మాత్రం అద్దంలోంచి నన్ను చూసి, ఏమీ అనకుండా గేరు వేశాడు.